పాఠకుల ప్రశ్నలు: ఆరు బాంబులు విప్పేశాక లెక్క ఎవరు చూశారు?

ప్రశ్న: మా మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. దక్షిణాఫ్రికా ఆరు అణుబాంబులు చేసుకుని, మళ్లీ తనే విప్పేసిందని చదివాను. ఒకటి దాచుకోలేదని ఎట్లా నమ్మారు?
– ఒక పాఠకుడు, వేముల, కడప జిల్లా

జవాబు: బాంబు విప్పడం ఇందులో తేలిక పని. ఇంకేమీ మిగల్లేదని రుజువు చేయడమే కష్టం. ఆరు పూర్తయి, ఏడోది తయారీలో ఉండగా పని ఆపేశారు. యురేనియంలో బాంబుకు పనికొచ్చే 235 రకం వాటాను పెంచే (దీన్నే ఇక్కడ శుద్ధి అంటున్నాం) వలిందబా కర్మాగారాన్ని 1990 ఫిబ్రవరిలో మూశారు. బాంబుల్లోంచి తీసిన యురేనియాన్ని కరిగించి, 1991 సెప్టెంబరుకల్లా తమ అణుశక్తి సంస్థకు అప్పగించారు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఆ ఏడాది జులై 10నే చేరారు. కానీ బాంబులుండేవన్న సంగతిని అధ్యక్షుడు డిక్లర్క్ పార్లమెంటులో బయటపెట్టింది 1993 మార్చి 24న. అప్పటికే డిజైన్ కాగితాలను నాశనం చేసేశారు. అంతర్జాతీయ తనిఖీదార్లు చూస్తుండగా చేసి ఉంటే రహస్యమూ దక్కేది, రుజువూ మిగిలేది. ఆ తొందరపాటు తప్పేనని మా అభిప్రాయం.

ఇక చేతికి దొరికింది యురేనియం లెక్కే. వేరుశనగ మిల్లులో పోసిన కాయల తూకం, వచ్చిన గింజలు, పొట్టు కలిపితే సరిపోవాలి కదా, ఇదీ అంతే. గనిలో దొరికే యురేనియంలో 235 రకం 0.7 శాతమే. మీ తుమ్మలపల్లెలో తయారయ్యే యురేనియం ముడిసరుకు సోడియం డైయురనేట్‌లోనూ అంతే. అందుకే తనిఖీలో గనికన్నా శుద్ధి కర్మాగారం మీదే గట్టి నిఘా. లోపలికి పోయిన 235 ఎంత, సరుకులో ఎంత వచ్చింది, టెయిల్స్ అనే మిగులులో ఎంత పోయింది? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మొదట చూసినప్పుడు లెక్కలో తేడా కనిపించింది. మిగులులోని 235ను అప్పట్లో కచ్చితంగా కొలవకపోవడమే కారణం. శాతంలో చిన్న పొరపాటైనా, టన్నులకొద్దీ మిగులుకు లెక్కగడితే కిలోల తేడా వస్తుంది. కర్మాగారం రోజువారీ రిజిస్టర్లు భద్రంగా ఉండబట్టి, వాటిని తిరగేసి తేల్చారు. కలహారి ఎడారిలో బాంబు పరీక్షకు తవ్విన రెండు బావులను కూడా 1993లో తనిఖీదార్ల ఎదుటే కాంక్రీటుతో పూడ్చారు.

ఆ యురేనియం పారబోసేది కాదు. తనిఖీ కింద దాచి, కొంత దక్షిణాఫ్రికాలోనే ఉన్న సఫారీ-1 రియాక్టర్‌లో వైద్య ఐసోటోపుల (వైద్యంలో వాడే రేడియోధార్మిక పదార్థాల) తయారీకి వాడారు.

ప్రశ్న: మన దేశం ఇట్లాంటివేమైనా వదులుకుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రసాయన ఆయుధాలు వదులుకుంది. 1997లో 1,044 టన్నుల సల్ఫర్ మస్టర్డ్ (చర్మం మీద బొబ్బలు లేపే విషద్రవం) ఉందని ప్రకటించి, 2009కల్లా పూర్తిగా నాశనం చేసింది. ఒక్కసారిగా తగలబెట్టడానికి వీల్లేని సరుకిది. అందులో గంధకం, క్లోరిన్ ఉంటాయి. కాల్చితే సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాయి. వాటిని క్షారద్రావణంతో కడిగాకే పొగ వదలాలి. ఏళ్లతరబడి నిల్వ ఉంటే పీపా అడుగున జిగురుగా గడ్డకట్టి బయటికి రాదు. అందువల్ల పీపాలనూ శుద్ధి చేయాల్సిందే.