హెడ్‌సెట్ సంగతి తర్వాత, ముందు ఆవిడ పక్కన కూర్చో

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రి చూశా. మారణహోమాల నుంచి బతికి బయటపడిన పెద్దవాళ్ళ జ్ఞాపకాల్ని, హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ చోటులోనే ఉన్నట్టు చూపించే వీఆర్‌లో రికార్డ్ చేసే పని నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషం వేసింది, కొంచెం భయం కూడా వేసింది. ఇరవై ఏళ్ళకి పైగా ఇలాంటి వాళ్ళ ఎదురుగా కెమెరా పెట్టుకుని కూర్చున్నదాన్ని కదా, అందుకే ఆ భయం. ఏ కెమెరా తీసుకోవాలి పెద్దమ్మా అని అడిగావు, అది ఆఖర్న చెప్తా.

ముందు త్వరపడు. 2024 జనవరిలో నాజీల బాధితులకి పరిహారం ఇప్పించే క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద హోలోకాస్ట్ నుంచి, అంటే నాజీలు యూదుల మీద సాగించిన మారణహోమం నుంచి, బతికి ఉన్నవాళ్ళు దాదాపు 2,45,000 మంది, వాళ్ళలో సగం మంది 86 దాటినవాళ్ళే. సాఫ్ట్‌వేర్ రెడీ అయ్యాక రికార్డ్ చేద్దాం, ఫండ్స్ రెండో విడత వచ్చాక చేద్దాం అనుకుంటే వాళ్ళు ఉండరు. ఫ్రిట్జీ ఫ్రిట్జ్‌షాల్ గారి సంగతి చూడు. నాజీల నిర్బంధ క్యాంపు ఆష్విట్జ్‌లో చిన్నపిల్లగా ఉన్నప్పుడు, తనతో ఉన్న 599 మంది ఆడవాళ్ళు వాళ్ళకిచ్చే రొట్టెలోంచే తలా ఓ తునక ఆ పిల్లకి పెట్టారు, నువ్వు బతికితే మా గురించి అందరికీ చెప్పాలి అని మాట తీసుకున్నారు. అమెరికాలో స్కోకీలో ఉన్న ఇల్లినాయ్ హోలోకాస్ట్ మ్యూజియం వాళ్ళు ఆవిడ కథని వీఆర్‌లో తీశారు, అది 2022లో జనం ముందుకొచ్చింది, ఆవిడ 2021లోనే వెళ్ళిపోయారు. ముందే రికార్డ్ చేసి పెట్టుకున్నారు కాబట్టి ఆ మాట దక్కింది.

ఇప్పుడు అసలు విషయం, ఇదొక్కటి నువ్వు వింటే చాలు నాకు. చూసేవాళ్ళకి ఆ నరకాన్ని అనుభవించినట్టు చూపిద్దాం అని మీ టీమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పొగ పెడదాం, అరుపులు పెడదాం, చూసేవాడే క్యూలో నిలబడ్డట్టు చేద్దాం అని. ఒప్పుకోకు. పది నిమిషాలు హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి ఆ బాధ తెలిసిపోయిందన్న భ్రమ కల్పించడం వాళ్ళని అవమానించడమే, పైగా ఇదంతా జరగనే లేదని వాదించేవాళ్ళు కాచుకుని ఉంటారు, నువ్వు కల్పించిన ఒక్క గోడ, ఒక్క శబ్దం దొరికితే చాలు మొత్తం సాక్ష్యమే అబద్ధం అంటారు. 2017లో వచ్చిన వీఆర్ సినిమా ద లాస్ట్ గుడ్‌బై చూశావో లేదో, అందులో హోలోకాస్ట్ నుంచి బతికిన పింకస్ గుట్టర్ గారు పోలండ్‌లోని నాజీల మైదానెక్ క్యాంపుకి మళ్ళీ వెళ్తారు. అమ్మానాన్నల్నీ, కవల సోదరినీ ఆయన పోగొట్టుకున్నది అక్కడే, అప్పటికి ఆయనకి పదకొండేళ్ళు. అక్కడ ఇప్పుడు మిగిలి ఉన్నవాటినే వేలాది ఫొటోలు తీసి, వాటితో ఆ చోటుని కట్టారు, వేషాలూ నటులూ ఏమీ లేరు. ఆ పెద్దాయన చెప్తుంటే మనం పక్కన నిలబడి వింటాం, అంతే. నువ్వు చెయ్యాల్సింది అదే, మనిషి పక్కన చోటు ఇవ్వడం.

ఖాళీకి కూడా భయపడకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ వాళ్ళు నాజీలకి దొరక్కుండా దాక్కున్న గదులు ఇప్పటికీ సామాను లేకుండా ఖాళీగానే ఉంటాయి, వాళ్ళ నాన్న ఓట్టో ఫ్రాంక్ అలాగే ఉంచమన్నారు. తర్వాత అక్కడి మ్యూజియం వాళ్ళే వీఆర్‌లో ఆ గదుల్ని సామానుతో సహా చూపించారు, అసలు గదుల జోలికి మాత్రం వెళ్ళలేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఊహించి కట్టింది ఏదో, నిజంగా మిగిలింది ఏదో చూసేవాడికి తేడా తెలియాలి, మీ దాంట్లో కూడా అది స్పష్టంగా కనపడాలి.

నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి ఓ పెద్దావిడని రికార్డ్ చేస్తూ ఫేస్ బాగా కనపడాలని రెండు పెద్ద తెల్ల లైట్లు ఎదురుగా పెట్టించాను, ఆవిడ బిగుసుకుపోయారు, గంటసేపు అవును కాదు తప్ప ఇంకో మాట రాలేదు. బయటికొచ్చాక వాళ్ళమ్మాయి చెప్పింది, రాత్రిళ్ళు బయటికి లాగి నిలబెట్టినప్పుడు మొహాల మీద అలాంటి లైట్లే వేసేవాళ్ళట. నేను ముందు అడిగి ఉంటే తెలిసేది. అప్పట్నుంచి కెమెరా లేకుండా కనీసం రెండుసార్లు వెళ్ళి కూర్చోకుండా నేను ఎవరినీ రికార్డ్ చెయ్యలేదు. ఏ శబ్దం పడదు, తలుపు వేసి ఉండాలా తీసి ఉండాలా, ఏ విషయం ఎత్తకూడదు, అన్నీ ఆ రెండుసార్లలో తెలిసిపోతాయి. ఇప్పుడు నువ్వు రికార్డ్ చెయ్యబోయే ఆవిడ చుట్టూ ఇన్ని కెమెరాలు పెడతానంటున్నావు, నీకు ఇది ఇంకా అవసరం.

సంతకం గురించి కూడా వినమ్మా. ఒక ఫారం మీద ఒక సంతకం సరిపోదు. వీడియోకి వేరే, త్రీడీలో మనిషిని తయారు చెయ్యడానికి వేరే, ఆవిడ పోయాక వాడటానికి వేరే, ఏఐకి వేరే, ఒక్కోదాన్ని ఆవిడ భాషలో విడమర్చి చెప్పి అడుగు, వద్దంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా చెప్పు. ఏఐ దగ్గర ఇంకా గట్టిగా ఉండు. హోలోకాస్ట్ సాక్ష్యాల్ని సేకరించి భద్రపరిచే షోవా ఫౌండేషన్ వాళ్ళ డైమెన్షన్స్ ఇన్ టెస్టిమొనీ అనే ప్రాజెక్టులో మనం ప్రశ్న అడిగితే మనిషి జవాబు చెప్తున్నట్టే ఉంటుంది, కానీ ప్రతి జవాబూ వాళ్ళు నిజంగా చెప్పిందే, రోజుల తరబడి కూర్చోబెట్టి వందల కొద్దీ ప్రశ్నలు అడిగి ముందే రికార్డ్ చేసింది, ప్రశ్నకి సరిపోయే క్లిప్ వెతకడం వరకే సాఫ్ట్‌వేర్ పని. ఆవిడ అనని మాట ఆవిడ నోట పెట్టొద్దు, ఒక్క వాక్యం కూడా వద్దు.

రువాండా వాళ్ళతో చేసే అవకాశం ఉందన్నావు కదా, అక్కడ ఇంకో జాగ్రత్త. 1994లో దాదాపు వంద రోజుల్లో లక్షల మందిని చంపేశారు, చంపినవాళ్ళలో చాలామంది ఆ ఊళ్ళవాళ్ళే, జైలు నుంచి వచ్చాక మళ్ళీ అదే ఊళ్ళో పక్కింట్లో ఉంటున్నవాళ్ళున్నారు. నువ్వు అక్కడ బతికి బయటపడ్డ ఒకావిడ ఇంటిని, వీధిని అంగుళం వదలకుండా స్కాన్ చేసి లోకానికి చూపిస్తే ఆవిడ రేపు ఆ వీధిలోనే నడవాలి. ఇల్లు చూపించాలా వద్దా ఆవిడే చెప్పాలి.

ఇక కెమెరా. చుట్టూ అన్ని వైపులా తీసే మంచి 360 కెమెరా ఏదైనా పర్లేదు, దాన్ని కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టి కదపకు, చూసేవాడు కదలకుండా కెమెరా కదిలితే కళ్ళు తిరుగుతాయి. డబ్బులు మిగిలితే మైక్ మీద పెట్టు, బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, గొంతు వినపడకపోతే అంతా పోయినట్టే. మామూలు కెమెరాతో కూడా పక్కనుంచి ఒకటి తీసి పెట్టు, ఇప్పటి హెడ్‌సెట్లు పదేళ్ళకి పనిచెయ్యవు, మామూలు వీడియో మాత్రం తెరుచుకుంటుంది. ఒరిజినల్ ఫైళ్ళు మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్ళో, ఒకటి ఆ కుటుంబానికి. గొంతు మీద డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్ చాలు.

హెడ్‌సెట్ తీసేశాక చూసినవాళ్ళ పక్కన ఓ మనిషి ఉండేట్టు చూడు, కుర్చీ, మంచినీళ్ళు, కాసేపు మౌనం.

మొదటిసారి కలవడానికి వెళ్ళే ముందు నీ ప్రశ్నల లిస్ట్ నాకు పంపు, ఆదివారం కూర్చుని చూసి ఏవి తీసెయ్యాలో చెప్తాను.

మీ పెద్దమ్మ