ఒక బండి ఇంజన్ ఇంకో బండి ఛాసిస్‌లో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఛాసిస్ బాగానే ఉంది గానీ ఇంజన్‌లో బిగ్ ఎండ్ (క్రాంక్ మీద కనెక్టింగ్ రాడ్ తిరిగే బేరింగు) పోయింది. ఆటోనగర్‌లో బుల్లెట్ 500 ఇంజన్ ఒకటి చూశాను. అది నేరుగా కూర్చుంటుందా? లేదంటే 500 బోరు, హెడ్ మాత్రం కొని నా క్రాంక్‌కేసు మీద వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రెండో దారి వద్దు. రెండు ఇంజన్లకూ స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 90 మి.మీ. కాబట్టి ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. తేడా బోరు లోపలి వెడల్పులో ఉంది. 350కి 70 మి.మీ., 500కి 84 మి.మీ. పెద్ద బోరు దిగాలంటే మీ క్రాంక్‌కేసు నోరు లేత్ మీద కోయించాలి. ఒకసారి కోశాక ఇక 350 బోరు దాని మీద కూర్చోదు. అంతకన్నా పెద్ద చిక్కు బ్యాలెన్స్‌ది. 500 పిస్టన్ బరువెక్కువ, మీ ఫ్లైవీల్స్ ఏమో 350 పిస్టన్‌కు తూచి చేసినవి. బండి నడుస్తుంది, కానీ చేతులు తిమ్మిరెక్కుతాయి, మెయిన్ బేరింగులు త్వరగా పోతాయి. ఎలాగూ బిగ్ ఎండ్ కోసం కింది భాగం విప్పాల్సిందే కదా, ఆ ఖర్చేదో మీ సొంత క్రాంక్ మీదే పెట్టండని మా సలహా.

పూర్తి 500 కాస్ట్ ఐరన్ ఇంజన్ అయితే ఆ ఛాసిస్‌లో కూర్చుంటుంది, కానీ ఆర్‌సీ చిక్కు ఉంది, ముందు కింది మూడో ప్రశ్న చదవండి. ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే కొత్త తరం ఇంజన్ మాత్రం ఛాసిస్ కోయకుండా పట్టదు, చవగ్గా వచ్చినా దాని జోలికి పోకండి. 500 తెచ్చుకునేటప్పుడు దాని క్లచ్, కార్బొరేటర్, సైలెన్సర్ బెండు పైపు కూడా అడిగి తెచ్చుకోండి. 350 కార్బొరేటర్ 24 మి.మీ., 500కి 28. చిన్నది పెడితే పెద్ద ఇంజన్ పెట్టిన లాభం అక్కడే ఆగిపోతుంది. 350 క్లచ్ ప్లేట్లు ఎత్తుల్లో జారడం మొదలుపెడతాయి. గేర్‌బాక్స్ స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టుకోండి. 16 నుంచి 17కి వెళ్తే గేరింగు 6 శాతం పొడవవుతుంది, అంటే అదే వేగానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది. అది 500 లాగుతుంది, 350 కష్టపడుతుంది. ముందు చక్రానికి పాత 6 అంగుళాల డ్రమ్ బ్రేకు ఉంటే దాన్ని అలాగే ఉంచి 500 ఎక్కించకండి. 7 అంగుళాల ట్విన్ లీడింగ్ షూ (రెండు షూలూ గట్టిగా పట్టే డ్రమ్ బ్రేకు) హబ్ దొరికాకే పని మొదలుపెట్టండి.

ఇక దించడం. బుల్లెట్ ఛాసిస్‌కు ఇంజన్ కింద ట్యూబు ఉండదు. ముందు డౌన్‌ట్యూబు క్రాంక్‌కేసు దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి వెనక ప్లేట్ల దాకా ఇంజన్, గేర్‌బాక్సే ఛాసిస్ పని చేస్తాయి. ఇంజన్ తీయగానే ముందూ వెనకా భాగాలు కొద్దిగా విచ్చుకుంటాయి. ఎక్కించేటప్పుడు చివరి బోల్టు సగం కన్నం దగ్గర ఆగిపోయేది అందుకే. అక్కడ సుత్తి తీస్తే బోల్టు మర చెడుతుంది, క్రాంక్‌కేసు చెవి విరిగినా విరుగుతుంది. దించక ముందే హెడ్‌స్టాక్‌ను (హ్యాండిల్ తిరిగే ఛాసిస్ ముందు గొట్టాన్ని) పై నుంచి తాడుతో వేలాడదీసి, వెనక భాగం కింద జాకీ పెట్టండి. ఎక్కించేటప్పుడు జాకీని కొంచెం కొంచెం ఎత్తుతూ దించుతూ కన్నాలు కలపండి. అన్ని బోల్టులూ దూర్చి వేలితో తిప్పాకే బిగింపు మొదలుపెట్టాలి. ఇంజన్ హెడ్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే హెడ్ స్టెడీ పట్టీ అన్నిటికన్నా చివర. దాన్ని ముందే బిగిస్తే లాగుడంతా హెడ్ మీద పడుతుంది.

ప్రైమరీ చైన్ (క్రాంక్ నుంచి క్లచ్‌కు వెళ్ళేది) ఆట 6 మి.మీ., వెనక చైన్ ఆట 25 మి.మీ. చుట్టూ ఉండాలి. వెనక స్ప్రాకెట్ పక్కన ఒక తిన్నని ఇనుప పట్టీ ఆనించి, గేర్‌బాక్స్ స్ప్రాకెట్ అదే గీతలో ఉందో లేదో చూసుకోండి.

సంప్‌లో 20డబ్ల్యూ50 ఆయిల్ సుమారు రెండుంబావు లీటర్లు పోయండి. వెంటనే స్టార్ట్ చేయకండి. ప్లగ్ తీసేసి, రాకర్లకు వెళ్ళే ఆయిల్ పైపు బాంజో బోల్టులు (ఆయిల్ పారేలా లోపల బోలుగా ఉండేవి) అరచుట్టు వదులు చేసి, ఆయిల్ చెమ్మ కనిపించే దాకా కిక్ కొట్టండి. రాకపోతే పంపు ఆయిల్ లాగడం లేదన్నమాట. టైమింగ్ కవర్ లోపలి కార్క్ సీలు కూడా తప్పకుండా కొత్తది వేయండి. క్రాంక్ చివరికి ఆయిల్ చేరేది దాని గుండానే. అది నలిగిపోయిన ఇంజన్లలో ఆయిల్ నిండుగా ఉన్నా బిగ్ ఎండ్ ఎండిపోతుంది. మీ పాత ఇంజన్‌ది కూడా ఓసారి విప్పి చూడండి, కారణం అక్కడే దొరకవచ్చు.

పాయింట్ల (ప్లగ్‌కు నిప్పురవ్వ ఇప్పించే కాంటాక్టుల) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ట్యాపెట్ల (వాల్వుల) సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కంప్రెషన్ మీద పిస్టన్ పైకి వచ్చాక పుష్‌రాడ్ (వాల్వు రాకర్‌ను నెట్టే కడ్డీ) వేళ్ళతో తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు.

ప్రశ్న: జావా 250 ఛాసిస్‌లో యెజ్డీ ఇంజన్ వేయించాను. స్టార్ట్ అవుతుంది గానీ తెల్లపొగ ఆగడం లేదు, గేర్ ఆయిల్ తగ్గిపోతోంది. చైన్ కేసులోంచి రాసుకుంటున్న చప్పుడు కూడా వస్తోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పొగకు మీరే సమాధానం చెప్పారు. గేర్ ఆయిల్ తగ్గుతోందంటే ప్రైమరీ వైపు క్రాంక్ ఆయిల్ సీలు పోయింది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి లేచినప్పుడు క్రాంక్‌కేసులో పీల్పు పుడుతుంది, అది పోయిన సీలు గుండా గేర్ ఆయిల్‌ను లాగి కాల్చేస్తుంది. రెండో వైపు సీలు పోతే పొగ రాదు, గాలి వస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రేస్ దిగదు, ప్లగ్ తెల్లగా మారుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. నిజానికి రెండోదే ప్రమాదకరం. కాబట్టి రెండు సీళ్ళూ ఒకేసారి మార్చండి.

కొత్తవి వేశాక ఇంజన్ బల్ల మీద ఉండగానే పరీక్షించండి. కార్బొరేటర్ నోరు, రెండు సైలెన్సర్ కన్నాలు రబ్బరుతో మూసి, ప్లగ్ కన్నం గుండా సైకిల్ పంపుతో 5, 6 పి.ఎస్.ఐ. గాలి పెట్టండి. గేజ్ సూది కొన్ని నిమిషాలు కదలకుండా నిలవాలి. పడిపోతుంటే సబ్బునీళ్ళు రాయండి, బుడగ వచ్చిన చోటే లీకు. 5, 6 దాటి పెట్టకండి, మంచి సీళ్ళు కూడా బయటికి తన్నుకొస్తాయి.

చప్పుడు ఇంజన్ పక్కకు కూర్చోవడం వల్ల. ఈ బళ్ళలో వెనక చైన్ పూర్తిగా కేసులో మూసి ఉంటుంది కాబట్టి రెండు మూడు మి.మీ. వంకర ఉన్నా రేకుకు రాసుకుంటుంది. పాత ఛాసిస్‌లలో ఇంజన్ బోల్టు కన్నాలు కోలగా అరిగిపోతాయి. వాషర్లు పెట్టి సరిపెట్టే అలవాటొకటి ఉంది, అది వారం కూడా నిలవదు. కన్నం గుండ్రంగా కోయించి ఉక్కు బుష్ వేయించండి.

బోరు కొత్తదైతే మొదట్లో లీటరు పెట్రోలుకు 50 మి.లీ. టూటీ ఆయిల్, సెట్ అయ్యాక 40.

ప్రశ్న: ఇంజన్ మారిస్తే ఆర్‌సీలో ఏం చేయాలి? వింటేజ్ నంబరు వస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 350 బండిలో అదే రకం 350 ఇంజన్ వేయడం వేరు, 500 వేయడం వేరు. 500 వేస్తే సీసీయే మారిపోతుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడని ఆశ పెట్టుకోకండి. అదే రకం ఇంజన్ అయినా కొనుగోలు బిల్లు, పాత యజమాని కాగితాలు పట్టుకుని ముందుగా ఆర్టీఓ ఆఫీసులో అనుమతి అడగండి. బిల్లు లేని ఇంజన్ దొంగ బండిది కూడా కావచ్చు. నంబరు కొట్టేసి మీ పాత నంబరు గుద్దిస్తామనే మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి, అది నేరం.

వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు 2021లో వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి ఆ బండి వాడకూడదు. వీఏ నంబరు కావాలనుకుంటే మాత్రం వేరే ఇంజన్ మాటే ఎత్తకండి.

ప్రశ్న: వేరే బుల్లెట్ సామాను నా బండికి పెడుతుంటే బోల్టు రెండు చుట్లు వెళ్ళి ఆగిపోతోంది. మర చెడిందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మర చెడలేదు, జాతి వేరు. పాత బుల్లెట్లలో ఇంగ్లీషు మరలు, మిల్లీమీటరు మరలు కలగలిసి ఉంటాయి. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మి.మీ., కంటికి 8 మి.మీ. బోల్టులాగే కనిపిస్తుంది. కానీ బీఎస్ఎఫ్ (ఇంగ్లీషు సన్న మర) అంగుళానికి 22 చుట్లు, సైకిల్ మర 26. 8 మి.మీ. మామూలు మర 1.25 పిచ్ (చుట్టుకు చుట్టుకు మధ్య 1.25 మి.మీ.), అంటే అంగుళానికి ఇరవై పైచిలుకు. అందుకే రెండు చుట్లు వెళ్ళి బిగుస్తుంది. అక్కడ పానా పెట్టి తిప్పితే అల్యూమినియం కేసులోని మర ఊడివస్తుంది. ఒక థ్రెడ్ గేజ్ కొని, విప్పిన ప్రతి బోల్టునూ అట్టముక్క మీద దాని కన్నం పేరు రాసి గుచ్చి పెట్టుకోండి.