కొండపూలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మార్చిలో శ్రీశైలం ఘాట్‌ రోడ్డులో ఒక్క ఆకూ లేని చెట్లకు అరచేయంత పసుప్పచ్చ పూలు కనిపించాయి. అవి రేలపూలా?
– పాఠకురాలు, మార్కాపురం

జవాబు: కావు. రేల గుత్తులుగా కిందికి వేలాడుతుంది, పైగా ఎండలు ముదిరాకే పూస్తుంది. మీరు చూసింది కొండగోగు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ దాకా, రాళ్లు తేలిన ఎండు వాలుల్లో, ఆకు రాల్చిన కొమ్మల చివర్లలో పూస్తుంది. నగరాల్లో రోడ్ల పక్కన నాటే టబేబుయా కూడా ఆకు లేకుండానే పసుపుగా పూస్తుంది కాబట్టి చాలామంది అక్కడే పొరబడతారు. రాలిన పువ్వును చేతిలోకి తీసుకోండి. టబేబుయాది బాకాలా అతుక్కున్న పువ్వు. కొండగోగుకు అయిదు రేకులూ విడివిడిగా ఉంటాయి, నడుమ బంగారు రంగు కేసరాలు కుచ్చులా ఉంటాయి. తోటలో గోగుపువ్వుకైతే కేసరాలన్నీ ఒకే గొట్టానికి అంటి ఉంటాయి, అడుగున ముదురు మచ్చ కూడా ఉంటుంది. ఈ రెండూ కొండగోగుకు లేవు.

ఇంకా అనుమానముంటే పూత అయ్యాక మళ్లీ చూడండి. మూడు నుంచి అయిదు చీలికల ఆకులు వస్తాయి, కాయ పగిలితే లోపల పట్టులాంటి దూది ఉంటుంది. బంక కోసం గాట్లు పెట్టిన చెట్టు కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి, ఆ గాట్లు మానితేనే చెట్టు నిలుస్తుంది.

ప్రశ్న: నవంబరులో అరకు లోయంతా పసుపు పూలే. అవి ఏ అడవిపూలు?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: అవి అడవిపూలు కావు, వలిసెలు. గిరిజన రైతులు నూనెగింజల కోసం వేసుకున్న పంట. ఫొటో కోసం చేలో దిగితే తొక్కేది వాళ్ల పంటనే, గట్టు మీదే నిలబడండి.

ప్రశ్న: వానాకాలంలో మారేడుమిల్లి దగ్గర కంచెకు అల్లుకున్న తీగకు మంటల్లాంటి పూలు చూశాను. దుంప తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అది అడవినాభి. ఆకు చివరే నులితీగగా మారి పక్కకొమ్మను పట్టుకుంటుంది, ఇదే ముఖ్యమైన గుర్తు. పువ్వుకు అలల అంచుల రేకులు ఆరు, వెనక్కి వంగి ఉంటాయి. పసుపుగా విచ్చి రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి.

దుంప తేవద్దు. మొక్కంతా విషమే, దుంపలోనూ గింజల్లోనూ మరీ ఎక్కువ. అందులోని కాల్చిసిన్‌ అనే విషానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. చలికాలానికి తీగ ఎండిపోయి మట్టిలో దుంప ఒక్కటే మిగులుతుంది, తెలియనివాళ్లు తవ్వితే తినే గడ్డ అనుకునే ప్రమాదముంది. వాంతులు, విరేచనాలు కొన్ని గంటలు ఆలస్యంగా మొదలవుతాయి. అందుకే ఎవరైనా తిన్నట్టు తెలిసిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, మిగిలిన ముక్కతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.