ఇసుక పెట్టెకు మోటారు బిగించిన అమ్మాయి బ్రాంచి మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతోంది. ఆరు నెలలుగా పుస్తకాల కంటే పరికరాల మీదే ధ్యాస. గాజు పెట్టెలో రంగు ఇసుక పొరలు పోసి, ఒక పక్క నుంచి మోటారుతో మెల్లగా నెడుతూ కొండలు ఎలా పుడతాయో చూపించే యంత్రం చేసింది. ఆ డిజైన్ మొత్తం అందరికీ ఉచితంగా ఇచ్చేస్తుందట. అంత ఇష్టమైతే ఎలక్ట్రానిక్స్‌కు మారమంటే వినడం లేదు. ఊరికే పంచిపెట్టే పనిలో భవిష్యత్తు ఏముంటుందని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మారమని పట్టుబట్టకండి. మోటారు తిప్పడం తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ మోటారు నెట్టినప్పుడు ఇసుక ఫలానా చోటే ఎందుకు తెగింది, అది నిజంగా భూమిలో జరిగేదానికి పోలికా, లేక యంత్రంలో లోపమా అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీ అమ్మాయి ఈ రెండింటి మధ్య నిలబడి ఉంది. ఇప్పుడు జియాలజీ వదిలేస్తే ఆ రెండోది పోతుంది.

పరికరాన్ని తానే తయారుచేసుకోవడం ఈ శాస్త్రానికి మొదటి నుంచీ ఉన్న అలవాటే. స్కాట్లండ్‌కు చెందిన సర్ జేమ్స్ హాల్ రాతి పొరలు ఎలా ముడతలు పడ్డాయో చూపడానికి గుడ్డలను పొరలుగా పరిచి, వాటి మీద ఊడిన తలుపు ఒకటి పెట్టి, దాని మీద బరువులు ఉంచి, గుడ్డలను రెండు పక్కల నుంచి నెట్టాడు. దాన్ని 1815లో ప్రచురించాడు. భూగర్భ జలాల లెక్కలకు ఇప్పటికీ పునాదిగా ఉన్న డార్సీ సూత్రం 1856లో వచ్చింది. నిలువు గొట్టంలో ఇసుక నింపి, అందులోంచి నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయో కొలవడమే ఆ ప్రయోగం. మీ అమ్మాయి పెట్టె ఆ కోవలోదే.

ఇక ఆమె పని ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవాలంటే ఒకసారి పక్కన కూర్చుని కొన్ని ప్రశ్నలు అడగండి. ఇలాంటి యంత్రాల్లో వాడే మామూలు స్టెప్పర్ మోటారు (ఆగి ఆగి, అంగలుగా తిరిగేది) ఒక చుట్టుకు 200 అంగలు వేస్తుంది. స్క్రూ ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిపేదైతే ఒక్కో అంగ 0.01 మిల్లీమీటరు. ఇసుకను నెట్టే పలకను గంటకు 1 సెంటీమీటరు జరపాలంటే గంటకు 1000 అంగలు, అంటే 3.6 సెకన్లకు ఒకటి. అప్పుడు పలక సాఫీగా జరగదు, ఆగి ఆగి దూకుతుంది. ఆ కుదుపును తగ్గించడానికి అంగను చిన్న చిన్న ముక్కలు చేశావా అని అడగండి. ఇది ఎలక్ట్రానిక్స్ ప్రశ్న, బహుశా జవాబు వెంటనే చెబుతుంది.

రెండో ప్రశ్న: ఇసుకను ఎంత ఎత్తు నుంచి పోశావు? పోసే ఎత్తు, వేగం మారితే రేణువులు సర్దుకునే తీరు మారుతుంది. దాంతో ఇసుక సాంద్రత, దాని పటుత్వం కూడా మారతాయి. ఒకసారి గరిటెతో, ఇంకోసారి జల్లెడతో పోస్తే భ్రంశాలు, అంటే పొరలు తెగి జరిగే పగుళ్లు, వేరే కోణంలో, వేరే చోట పుట్టవచ్చు. యంత్రం రెండుసార్లూ ఒకేలా నెట్టింది, ఫలితం మాత్రం మారింది! ఈ చిక్కు గురించి ఆలోచించడానికి జియాలజీ కావాలి. నన్నడిగితే, మోటారు కంటే ముందు ఒకే ఎత్తు నుంచి ఇసుకను సమంగా రాల్చే ఒక తొట్టి చేసుకోవాలి.

మూడోది కొలతల సంగతి. నెట్టుడు బలం కొలవడానికి లోడ్ సెల్ వాడి ఉంటే, తెలిసిన బరువులను ఒక్కొక్కటిగా పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ రీడింగులు రాయమనండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంకెలు ఒకేలా వస్తున్నాయో లేదో చూడాలి. తర్వాత ఏ బరువూ పెట్టకుండా రాత్రంతా నడిపి వదిలేయాలి. గది చల్లబడితే సున్నా దగ్గర ఉండాల్సిన అంకె కదిలిపోతుంది. చాలామంది పిల్లలు స్క్రీన్ మీద అంకె కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగితేనే దాన్ని పరికరం అనాలి.

ఇప్పుడు మీ అసలు బాధ, ఉచితం. మీ అమ్మాయి చేస్తానంటున్నదాన్ని ఓపెన్ హార్డ్‌వేర్ అంటారు. అంటే వస్తువును ఊరికే పంచడం కాదు. డ్రాయింగులు, విడిభాగాల జాబితా, ప్రోగ్రాము, బిగించే పద్ధతి ఎవరైనా వాడుకుని, మార్చుకునేలా బయటపెట్టడం. తయారుచేసి అమ్ముకునే హక్కు ఆమెకూ ఉంటుంది, ఇతరులకూ ఉంటుంది. 2005లో మొదలైన ఆర్డుయినో బోర్డుల (మోటార్లు, సెన్సర్లను నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు) డిజైన్ బహిరంగంగానే ఉంది, బోర్డులు అమ్ముడుపోతూనే ఉన్నాయి. అదే ఏడాది బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు వల్లనే 3డి ప్రింటర్ సామాన్యుడి బల్ల మీదికి వచ్చింది. ఇలాంటి డిజైన్లకు తగిన లైసెన్సును సెర్న్ పరిశోధన సంస్థ 2011లో తెచ్చింది, 2020లో మూడు రకాలుగా మెరుగుపరిచింది. వాటిలో ఏది తనకు సరిపోతుందో మీ అమ్మాయి చదివి ఎంచుకోవాలి. హార్డ్‌వేర్‌ఎక్స్ అనే జర్నల్ ఇలాంటి పరికరాల డిజైన్లనే నిపుణుల పరిశీలన తర్వాత ప్రచురిస్తుంది. డిగ్రీ అయ్యేలోగా అలాంటి ఒక పేపరు వస్తే, పీజీ దరఖాస్తులో అది మార్కుల పక్కన గట్టిగా నిలబడుతుంది.

డిజైన్ బయటపెట్టే ముందు దానికి ఒక పరీక్ష ఉంది. ఆమె రాసిన సూచనల కాగితాలు ఒక స్నేహితురాలి చేతికిచ్చి యంత్రం బిగించమనాలి. పక్కన కూర్చున్నా నోరు మెదపకూడదు. స్నేహితురాలు ఆగిపోయిన ప్రతి చోటా కాగితంలో ఏదో లోపించిందన్నమాట. మొదటిసారి ఏడుపొచ్చినంత పనవుతుంది, నేను చాలామంది విద్యార్థుల్లో చూశాను.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. ‘ఓపెన్ హార్డ్‌వేర్ జియాలజిస్ట్’ అనే పోస్టును ఆశించి కూర్చోకూడదు. ఈ నేర్పు అక్కరకొచ్చే చోట్లు వేరు: ప్రయోగశాలల్లో పరికరాల బాధ్యత చూసే ఉద్యోగాలు, శిలల యాంత్రిక ధర్మాల మీద పరిశోధన, భూకంప నమోదు కేంద్రాలు, నేల పరీక్షలు చేసే జియోటెక్నికల్ సంస్థలు, బావుల్లో నీటిమట్టం గమనించే పనులు. వీటిలో చాలావాటికి పీజీ కావాలి, కాబట్టి సెమిస్టర్ మార్కులు జారిపోతుంటే ఆ విషయంలో మీరు గట్టిగా మాట్లాడటంలో తప్పులేదు. ఫీల్డ్ వర్క్, ఖనిజశాస్త్రం ఎగ్గొట్టి మోటార్లతో కూర్చుంటే ఆమె బలం సగమవుతుంది. వీటితోపాటు పైథాన్ ప్రోగ్రామింగ్, గణాంకాలు, ఏదైనా ఒక ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలు. నాలుగు యంత్రాలు సగం సగం చేసేకంటే ఈ ఒక్క పెట్టెనే పూర్తి చేయమనండి.

రాళ్లను నలగ్గొట్టి బలం కొలిచే ప్రెస్సులు, అధిక పీడన పాత్రలు మాత్రం సొంతంగా చేయనివ్వకండి. రాయి పగిలేటప్పుడు ముక్కలు ఎగురుతాయి. అలాంటివి శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో, ల్యాబులోనే చేయాలి. ఇంకో మాట, ఆమె వాడేది క్వార్ట్జ్ ఇసుకే అయితే దాని సన్నని ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పోసేటప్పుడు మంచి మాస్కు పెట్టుకుంటోందో లేదో, పెట్టె చుట్టూ రాలినదాన్ని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడుస్తోందో లేదో ఇవాళే చూడండి.