పిల్లలను కనడానికి అనుమతి పత్రం ఉండాలా?

"బండి నడపడానికే లైసెన్సు అడుగుతున్నాం, బిడ్డను పెంచడానికి ఎందుకు అడగకూడదు?" అన్నది మీ ప్రశ్న. అడగకూడదనే నా జవాబు. అలాంటి పరీక్షకు నిలబడి నెగ్గిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

మాది విశాఖలో మర్రిపాలెం. నేనూ మావారూ దత్తత ద్వారా తల్లిదండ్రులమయ్యాం. కేంద్ర దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాక మూడేళ్లకు పైగా ఎదురుచూశాం. ఆదాయం, నివాసం, పెళ్లి ధ్రువపత్రాలు, ప్రాణాంతక జబ్బులేవీ లేవని డాక్టరు రాసిన పత్రం ఇచ్చాం. పెళ్లయి కనీసం రెండేళ్లు కాపురం సజావుగా సాగి ఉండాలి, బిడ్డకూ మాకూ పాతికేళ్ల తేడా ఉండాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి, గదులు చూసి, మాతో మాట్లాడి నివేదిక రాశారు. చివరికి కలెక్టరు ఉత్తర్వుతో మా అమ్మాయి ఇంటికి వచ్చింది. అప్పటికి తనకు రెండేళ్లు.

1980లో అమెరికా తత్వవేత్త హ్యూ లాఫోలెట్ మీ వాదనే చేశారు, అందుకు దత్తతనే ఉదాహరణగా చూపారు. దత్తత తీసుకునేవారిని పరీక్షించడం తప్పని ఎవరూ అనరు, మరి కనేవారిని ఎందుకు వదిలేయాలి? వినడానికి బలంగానే ఉంది. కానీ దత్తతలో బిడ్డ అప్పటికే ప్రభుత్వ సంరక్షణలో ఉంటుంది. ఆ బిడ్డను ఎవరి ఒడిలో పెడుతున్నదో చూసుకోవడం ప్రభుత్వం బాధ్యత. కనేవారికి అనుమతి నిరాకరించాలంటే స్త్రీ కడుపు మీద, పురుషుడి శరీరం మీద అధికారం చేతికి తీసుకోవాలి. ఆ అధికారం మన దేశంలో ఎలా నడిచిందో చూశాం. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉపాధ్యాయులకు, చిరుద్యోగులకు లక్ష్యాలు పెట్టి, మనుషులను తీసుకురాకపోతే జీతాలు ఆపారు. ఎక్కువగా బలైనది పేదవారే.

మన రాష్ట్రంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చి 2024లో పోయింది. ఇలాంటి నిబంధన ఉన్న రాష్ట్రాల్లో పదవి కోసం మూడో బిడ్డను తమ బిడ్డ కాదన్నవారు, ఇతరులకు ఇచ్చేసినవారు ఉన్నారు. అనుమతి లేకుండా పుట్టిన బిడ్డను మీరేం చేస్తారు? తల్లి నుంచి వేరుచేస్తారా? మా అమ్మాయి శిశుగృహ నుంచి వచ్చింది. అక్కడి ఆయాలు ప్రేమగానే చూశారు. అయినా వచ్చిన కొత్తలో బిస్కెట్లు, అన్నం ముద్దలు దిండు కింద దాచుకునేది. రాత్రి ఉలిక్కిపడి లేచి, అవి ఉన్నాయో లేదో తడిమి చూసుకునేది. అది చూసిన నేను, బిడ్డను వేరుచేయడాన్ని శిక్షగా వాడే ఏ చట్టానికీ ఒప్పుకోలేను.

ముందు జరిగిన పరిశీలన కన్నా తర్వాత అందిన తోడు మాకు ఎక్కువ పనికొచ్చింది. దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూడాలని నిబంధన. అలా వచ్చినామె బిస్కెట్ల సంగతి విని, "తీసేయకండి. తనకు అందేచోట ఒక డబ్బా పెట్టండి, దాన్ని ఎప్పుడూ ఖాళీ కానివ్వకండి" అన్నారు. కొన్నాళ్లకు దాచుకోవడం దానంతటదే ఆగిపోయింది. మా అత్తగారు నలుగురు పిల్లలను పెంచిన మనిషి, ఆమెకూ ఈ ఉపాయం తట్టలేదు.

మా పై అంతస్తులో ఒకాయన ఉండేవారు. మంచి జీతం, సొంత ఫ్లాటు, ఆరోగ్యం. నేనిచ్చిన కాగితాలన్నీ ఆయనా ఇవ్వగలరు. కొడుకును బెల్టుతో కొట్టే చప్పుడు మెట్ల దాకా వినిపించేది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశాం. వాళ్లు వచ్చి మాట్లాడి, దంపతులను కౌన్సెలింగ్‌కు పంపారు. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చని ఆయనకు అప్పుడే తెలిసింది.

మరోవైపు 2009 నాటి చండీగఢ్ కేసు చూడండి. ప్రభుత్వ ఆశ్రమంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన, మేధో వైకల్యమున్న యువతి బిడ్డను కంటానంది. గర్భస్రావం చేయాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఆపింది. కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. మీరనే లైసెన్సు ఆమెకు దక్కేదా?

లైసెన్సుకు బదులు, మాకు అందినలాంటి తోడు అందరికీ అందించే దారి ఇప్పటికే ఉంది. కాన్పు ఆసుపత్రిలో జరిగితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆ తర్వాత బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మూడు నెలలకోసారి. ఇప్పుడు ఎక్కువగా బరువు, పాలు, టీకాలు చూస్తున్నారు. "నిద్ర పడుతోందా? ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? బిడ్డ ఏడుస్తుంటే నీకేమనిపిస్తోంది?" అని కూడా అడగాలి. జాలరిపేటలోనైనా, మధురవాడ అపార్ట్‌మెంట్లలోనైనా, సాయం కావలసిన తల్లిని మా ఊరి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో మానసిక వైద్యుల దాకా చేర్చే ఏర్పాటు ఉండాలి. లైసెన్సు కార్యాలయాల మీద పెట్టే డబ్బేదో, మన రాష్ట్రంలో నెలకు 10 వేల రూపాయలతో నెట్టుకొస్తున్న ఆశాల శిక్షణ మీద, జీతాల మీద పెట్టమని నేను అడుగుతాను.