బి.ఎస్సీ. కెమిస్ట్రీ ఫ్రెషర్‌ని, రెజ్యుమెలో రాసుకోవడానికి ఏమీ లేదు. ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: గాజువాకలో డిగ్రీ చేశారు, 2025 పాసవుట్, ఎక్కడా ఉద్యోగం చేయలేదు. నెట్ సెంటర్ వాళ్లు కొట్టిచ్చిన రెండు పేజీల రెజ్యుమె పట్టుకుని ఫార్మా వాకిన్లకి (ముందు పిలుపు లేకుండా నేరుగా వెళ్లే ఇంటర్వ్యూలకి) తిరుగుతున్నారు, ఎవరూ మళ్లీ పిలవట్లేదు. సాయంత్రాలు మీ బాబాయి మెడికల్ షాపులో కూర్చునేవారు, అది రాస్తే పరువు తక్కువేమో అని మానేశారు. ఆ చివరి ముక్క దగ్గరికి తర్వాత వస్తాను, అసలు సరుకంతా అక్కడే ఉంది.

నేను విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, పని చేస్తున్నాను. ఫ్రెషర్ల వాకిన్ పెట్టినప్పుడు సబ్జెక్టు ప్రశ్నలు అడగడానికి హెచ్‌ఆర్ వాళ్ల పక్కన మమ్మల్నీ కూర్చోబెడతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి రుషికొండ వైపు ఎలా చూస్తారో దానికి సంబంధించినవాళ్లు చెప్పాలి, నేను చెప్పేది మాత్రం కెమిస్ట్రీ వాళ్లకి.

ముందు ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో తెలుసుకోండి. ఆదివారం పొద్దున్నకి గేటు బయట క్యూ ఉంటుంది, లోపల కాగితాల కట్ట పెరుగుతూ ఉంటుంది. మొదటి చూపులో హెచ్‌ఆర్ వాళ్లు మీ గొప్పదనం వెతకరు, మూడు నాలుగు సంగతులు దొరుకుతాయా లేదా అని చూస్తారు: ఏ గ్రూపు, ఏ సంవత్సరం పాసయ్యారు, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, ఎక్కడ ఉంటున్నారు. వాకిన్ ప్రకటనలోనే ఫలానా సంవత్సరాల పాసవుట్లు అని రాసి ఉంటుంది కాబట్టి ఆ సంవత్సరం కోసం రెండో పేజీకి వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. ఉండే చోటు ఎందుకంటారా, కంపెనీ బస్సు కూర్మన్నపాలెం మీదుగా వెళ్తుందా, ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి ఎక్కుతారా, షిఫ్టులకి వస్తారా అన్నది వాళ్లకి నిజంగా అవసరం. డోర్ నంబర్, వీధి పేరుతో సహా అయిదు లైన్ల అడ్రస్ అక్కర్లేదు, "గాజువాక, విశాఖపట్నం" చాలు. పేరు, ఫోను, మెయిల్, ఊరు, ఆ కిందే "బి.ఎస్సీ. కెమిస్ట్రీ, 2025" అని కనబడిపోవాలి.

ఇక ఆ నెట్ సెంటర్ ఫార్మాట్. మద్దిలపాలెంలో కొట్టించినా ద్వారకానగర్‌లో కొట్టించినా ఒకటే ఫైలు, పేరూ మార్కులూ మారుస్తారంతే. పైన ఒక పెద్ద ఆబ్జెక్టివ్, "సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థతో పాటు ఎదగాలని" అంటూ, కింద బలాలు అని హార్డ్ వర్క్, టీమ్ వర్క్, పాజిటివ్ ఆటిట్యూడ్, చివర తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, అన్నిటికన్నా కింద పైన రాసినదంతా నిజమని డిక్లరేషన్. మా సీనియర్ ఒకాయన పక్కపక్కన రెండు రెజ్యుమెలు పెట్టుకుని "ఇదేటి, వీళ్లిద్దరూ ఒకే ఆబ్జెక్టివ్‌తో పుట్టారేటి?" అన్నారు. నవ్వాం గానీ ఆ ఇద్దరి గురించీ ఆ కాగితాల్లో మాకు తెలిసింది సున్నా. ఆబ్జెక్టివ్ తీసేయండి. ఉండి తీరాలనిపిస్తే ఒక్క లైను: క్వాలిటీ కంట్రోల్‌లో ట్రైనీ ఉద్యోగం కోసం చూస్తున్నాను, షిఫ్టులకి సిద్ధం. అది చదివితే మాకు ఒక పని తీరుతుంది.

ఇప్పుడు మీ ప్రాజెక్టు సంగతి. మీరు రాసింది "ప్రాజెక్ట్: వాటర్ అనాలిసిస్" అని రెండు మాటలు. వివరాలు మీ ప్రశ్నలోనే ఇచ్చారు: మీ చుట్టుపక్కల బోర్ల నీళ్లు తెచ్చి కాఠిన్యం, క్లోరైడ్ చూశారు. అదే రెజ్యుమెలో ఎందుకు లేదు? ఎన్ని శాంపిళ్లు తెచ్చారు, ఎక్కడి నుంచి, ఏ పద్ధతిలో చేశారు, ఏం తేలింది అన్నవి రెండు మూడు లైన్లలో రాయండి. ఉదాహరణకి, గాజువాక ప్రాంతంలో ఇన్ని బోర్ల నీటిని సేకరించి, ఈడీటీఏ టైట్రేషన్‌తో మొత్తం కాఠిన్యం, మోర్ పద్ధతిలో క్లోరైడ్ లెక్కగట్టి, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పరిమితులతో పోల్చాను, ఇన్ని శాంపిళ్లు దాటాయి, అని. ఇంగ్లీషులో రాసేటప్పుడు చిన్న చిన్న వాక్యాలు చాలు, ఎవరూ మీ భాషకి మార్కులు వేయరు. ఆ లైను చూసిన వెంటనే నా ప్రశ్నలు మీ దారిలోకి వచ్చేస్తాయి. ఇండికేటర్ ఏం వాడారు? ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. బఫర్ ఎందుకు, పీహెచ్ ఎంత? పది దగ్గర ఉంచడానికి. ఎండ్ పాయింట్ రంగు? వైన్ రెడ్ నుంచి నీలం. కాఠిన్యానికి ప్రమాణం ఎంత? లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. చేతులతో చేసినవాళ్లకి ఇవి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఆ లైను లేకపోతే నేను ఆర్గానిక్‌లో ఎక్కడో మూల నుంచి ప్రశ్న తీస్తాను, మీరు నీళ్లు నములుతారు. నేను చెప్పేది ఇదొక్కటే: ఫ్రెషర్‌ని ఏం అడగాలో బల్ల అవతలి వాళ్లకీ తెలియదు, మీ కాగితంలో ఏముంటే దాన్ని పట్టుకునే అడుగుతారు. ఏ ప్రశ్న రావాలని మీరు కోరుకుంటున్నారో దాన్ని బట్టి రాయండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీ స్కిల్స్‌లో హెచ్‌పీఎల్‌సీ, జీసీ, యూవీ లాంటి పరీక్షా మెషీన్లు అన్నీ ఉన్నాయట, సీనియర్ రాయమన్నాడట. మీ కాలేజీలో ఆ మెషీన్లు ఉన్నాయా? ఉంటే నడిపారా, లేక అద్దం తలుపు అవతల నుంచి చూశారా? హెచ్‌పీఎల్‌సీ అని కనబడితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న కాలమ్ (శాంపిల్ వేరుపడే గొట్టం) ఏంటి, మొబైల్ ఫేజ్ (శాంపిల్‌ని అందులోంచి తీసుకెళ్లే ద్రవం) ఏంటి అని. సీ18 అని బట్టీ పట్టిన జవాబు వస్తే తర్వాత ప్రశ్న, ఆ రోజు రిటెన్షన్ టైమ్ (పదార్థం కాలమ్ దాటి రావడానికి పట్టిన సమయం) ఎంత వచ్చింది? అక్కడ ఆగిపోతారు. అలా ఆగిపోయాక మీరు నిజంగా చేసిన టైట్రేషన్ మీద కూడా నమ్మకం పోతుంది, అదీ నష్టం. దానికి బదులు రెండు భాగాలు చేయండి: చేసినవి అని ఒక లైను (టైట్రేషన్లు, పీహెచ్ మీటర్, సొల్యూషన్లు కలపడం, ఏవి నిజమో అవి), థియరీ మాత్రమే తెలిసినవి అని ఇంకో లైను. థియరీ మాత్రమే అని రాసుకున్నంత మాత్రాన ఎవరూ తీసేయరు, ఫ్రెషర్‌కి మెషీన్ నేర్పేది మేమే కదా.

చేయనిది చేశానని రాయడం వేరే రంగాల్లో కొంత చెల్లుతుందేమో గానీ ఫార్మాలో చెల్లదు, దానికి కారణం మా పనే. ల్యాబులో "రాయనిది జరగనట్టే" అంటారు. బరువు తూచిన క్షణంలోనే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ పెట్టాలి, వైట్‌నర్ అన్న వస్తువు లోపలికి రాదు. జరగనిది రాస్తే డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) కేసు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌లో అలాంటిది బయటపడితే కంపెనీకే వార్నింగ్ లెటర్ రావచ్చు. రోజంతా రాసిందీ చేసిందీ ఒకటేనా అని చూసుకునే మనుషుల చేతిలో మీరు రెజ్యుమె పెడుతున్నారు. ఒక్క దొంగ లైను దొరికితే, రేపు ఈ అబ్బాయి నా రిజిస్టర్‌లో ఏం రాస్తాడో అనే అనుమానం వస్తుంది, తెలివి తక్కువైనా పర్వాలేదు గానీ ఆ అనుమానం వస్తే మాత్రం కష్టం.

ఇప్పుడు మెడికల్ షాపు. రాయండి, తప్పకుండా రాయండి. మీరు అక్కడ ఏం చేసేవారు? స్టాకు వచ్చినప్పుడు బిల్లుతో బ్యాచ్ నంబర్లు సరిచూసేవాళ్లు, ఎక్స్‌పైరీ దగ్గర పడ్డవి ముందు వరసలోకి తెచ్చేవాళ్లు, ఇన్సులిన్ లాంటివి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు, డేట్ అయిపోయినవి వేరు చేసి డిస్ట్రిబ్యూటర్‌కి వాపసు పంపేవాళ్లు, అంతేగా? ముందు ఎక్స్‌పైర్ అయ్యేది ముందు బయటికి వెళ్లాలి అన్నది మా గోడౌన్‌లో ఉన్న రూలే. బ్యాచ్ నంబర్ అంటే ఏంటో తెలిసి వచ్చిన ఫ్రెషర్ మాకు తక్కువ మంది దొరుకుతారు. "బాబాయి షాపులో సాయం" అని రాయకండి, షాపు ఉన్న ఏరియా, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, పార్ట్‌టైమ్ అని రాసి కింద ఈ పనులు పెట్టండి. ఫార్మసిస్ట్ అని మాత్రం రాయొద్దు, ఆ మాటకి డి.ఫార్మసీ గానీ బి.ఫార్మసీ గానీ చదివి రిజిస్ట్రేషన్ ఉండాలి. దీన్ని పరువు తక్కువ అనుకుని దాచి, హాబీల్లో "పాటలు వినడం, క్రికెట్ చూడడం" అని నింపడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (డిగ్రీలో భాగంగా జనంలోకి వెళ్లి చేసేది) మీ బ్యాచ్‌కి ఉంది కదా, మొదటి సంవత్సరం తర్వాత 180 గంటలది. చాలామంది రిపోర్టు బయట కొని కట్టేస్తారని అందరికీ తెలుసు కాబట్టి ఉత్త పేరు రాస్తే ఎవరూ ఆగరు. మీరు నిజంగా ఇంటింటికీ తిరిగి సర్వే చేసుంటే ఏ ఊరు, ఏ విషయం, ఎన్ని ఇళ్లు అని ఒక్క లైను రాయండి. చేయకపోతే వదిలేయండి.

మిగతావి గబగబా. ఒక్క పేజీ చాలు, మీకు రెండో పేజీకి సరుకు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మార్కులు మెమోలో ఎలా ఉంటే అలా రాయండి, సీజీపీఏని సొంత లెక్కలతో పర్సంటేజీ చేయకండి, అడిగితే యూనివర్సిటీ ఫార్ములా ప్రకారం చెప్పండి. 2020లో కొవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయిన సంగతి మాకు తెలుసు, దాని గురించి సంజాయిషీ అక్కర్లేదు. ఆధార్ నంబర్ రెజ్యుమెలో పెట్టొద్దు, ఆ కాగితాలు చివరికి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. ఎక్సెల్ 80 శాతం, ఇంగ్లీష్ 70 శాతం అని రంగు గీతలు వేస్తున్నారు ఈ మధ్య, ఎందులో 80 శాతం బాబూ? పైగా నౌకరీ లాంటి సైట్లలో అప్‌లోడ్ చేసినప్పుడు ఆ బొమ్మలూ రెండు కాలమ్‌ల డిజైన్లూ సాఫ్ట్‌వేర్ సరిగ్గా చదవలేక గందరగోళం అవుతుంది. మామూలు వర్డ్‌లో టైప్ చేసి పీడీఎఫ్ చేయండి, ఫైలు పేరు "న్యూ రెజ్యుమె ఫైనల్ 2" అని కాకుండా మీ పేరు, కెమిస్ట్రీ, 2025 అని ఉండాలి. నెట్ సెంటర్‌కి ప్రింటుకి వెళ్లండి, రాయించుకోవడానికి కాదు.

ఫోన్ నంబర్ మీదే ఇవ్వండి, నాన్నగారిది కాదు. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ చేసేసరికి ఆయన డ్యూటీలో ఉంటారు, తీయరు, జాబితాలో తర్వాతి పేరుకి వెళ్లిపోతారు. వాకిన్‌కి వెళ్లొచ్చిన వారం పది రోజులు మాత్రం తెలియని నంబర్ అని కట్ చేయకుండా ప్రతి కాలూ ఎత్తండి, లోన్ కావాలా అని అడిగేవాళ్లవి కూడా.