లాప్లాస్ సమీకరణాన్ని ఎక్సెల్‌లో సాధించవచ్చా?

విద్యుదావేశం లేని చోట వోల్టేజీ ఎలా పరుచుకుంటుందో చెప్పే ఈ సమీకరణాన్ని సాధించవచ్చు: అంచు గళ్లలో ఇచ్చిన వోల్టేజీలు నింపి, లోపలి ప్రతి గడిలో పైన, కింద, కుడి, ఎడమ గళ్ల సగటు వచ్చేలా ఫార్ములా రాసి, ఆప్షన్స్‌లో ఇటరేటివ్ కాలిక్యులేషన్ (లెక్కను ఆవృత్తులుగా, అంటే మళ్లీమళ్లీ, చేయించే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఆవేశం లేని చోట ఏ బిందువు పొటెన్షియల్ (వోల్టేజీ) అయినా చుట్టూ ఉన్న విలువల సగటే. ఆ సమీకరణం చెప్పేది అదే.

ఉదాహరణకు, 21×21 గళ్ల చదరానికి పై అంచు 100 వోల్టులు, మిగతా మూడూ 0. నడిమి గడిలో సరిగ్గా 25 రావాలి (నాలుగు అంచులూ 100 అయితే లోపలంతా 100, ఒక్క అంచు వాటా నాలుగో వంతు). మొదట 25 కంటే తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ సెట్టింగ్ మార్చకపోతే 100 ఆవృత్తులకే ఆగిపోతుంది. విలువ కదలడం మానేదాకా ఎఫ్9 నొక్కండి.

గళ్లు పెంచితే జవాబు దానంతటదే మెరుగవుతుందన్నది అపోహ. ఒక్కో వైపు గళ్లు రెట్టింపైతే కావలసిన ఆవృత్తులు దాదాపు నాలుగింతలవుతాయి. 100 దగ్గరే ఆపితే తప్పు ఇంకా పెరుగుతుంది.